పడవలో ఒక్కరికే చోటు

దెయ్యాలు, ఆత్మలు అంటే నవ్వేదాన్ని. మా పాప పుట్టినప్పుడు దిష్టి తీస్తానని ఎండుమిరపకాయలు పట్టుకొచ్చిన అత్తమ్మను వద్దని వెనక్కి పంపి, ఆరు నెలలు ఆమె అలక భరించాను. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. పెళ్లికి ముందు రెండేళ్లు ఒక ప్రైవేటు బడిలో సైన్స్ చెప్పాను. జరిగిన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని పిల్లలకు చెప్పిన నోరే ఇది. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

మేము మిర్యాలగూడలో కిరాయి ఇంట్లో ఉంటాం. మా ఆయన దామరచర్ల పవర్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. మాకు ఒక్కతే పాప, మేఘన. మూడున్నరేళ్లు. కిందటి వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. రెండో రోజు పొద్దున ఫిట్స్ వచ్చాయి. నాలుగైదు నిమిషాలే. కానీ ఆ రోజు నుంచి మాట ఆగిపోయింది. అంతకుముందు "అమ్మ దా", "పాలు వద్దు" అని రెండేసి మాటలు కలిపేది. ఆ తర్వాత ఏమీ లేదు. వినపడుతుంది, నవ్వుతుంది, చెప్పిన పని చేస్తుంది. నోరు మాత్రం విప్పదు. పరీక్షలన్నీ చేయించాం. అన్నీ బాగున్నాయన్నారు. కొన్నాళ్లు ఆగి చూడమన్నారు.

ఆగి చూడడం నా వల్ల కాలేదు. ఎందుకో చెప్పాలంటే మా అన్న గురించి చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది కోదాడలో. అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. నాకు తొమ్మిదేళ్లప్పుడు అన్నకు జ్వరం వచ్చింది. ఫిట్స్ వచ్చాయి. మాట పడిపోయింది. సూర్యాపేట దవాఖానలో మూడో రోజు పోయాడు. మెదడువాపు అన్నారు.

జ్వరం, ఫిట్స్, మాట పోవడం. నా బిడ్డకూ అదే వరస. రెండూ వేరు వేరు జబ్బులని డాక్టర్లు ఎంత ఓపికగా చెప్పినా ఆ వరస నా తలలోంచి పోలేదు. పాప నిద్రలో ఒత్తిగిలినా లేచి కూర్చునేదాన్ని. అన్నం సయించేది కాదు. గిన్నెలు తోముతూ తోముతూ ఉన్నట్టుండి చేతులు వదిలేసి దాని దగ్గరికి పరిగెత్తేదాన్ని.

చిన్నప్పుడు మా ఇంట్లో ఒక టీవీ గేమ్ ఉండేది. నాన్న సూర్యాపేట నుంచి తెచ్చాడు. దాంతో వచ్చిన క్యాసెట్లలో ఒకటి మిగతావాటిలా కార్లు, తుపాకులు కాదు. నలుగురు బుల్లి మనుషులు ఒకరి వెనక ఒకరు ఊళ్లు తిరుగుతుంటారు. ఎదురైన వాళ్లతో మాట్లాడాలి, కత్తులు సంపాదించాలి, రాక్షసులతో వంతులవారీగా కొట్లాడాలి. ఇలాంటివాటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. చిక్కల్లా ఒకటే. అందులోని రాత అంతా పరాయి లిపి. జపాను భాష కావచ్చు. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

అందుకని మాటలన్నీ అన్నే చెప్పేవాడు. తెర మీద అక్షరాల పెట్టె తెరుచుకోగానే చదువుతున్నట్టే నటించి, ఒక్కో మనిషికి ఒక్కో గొంతు పెట్టేవాడు. కత్తులమ్మేవాడు మా వీధి కిరాణం సేటు. "ముట్టకు ముట్టకు, ఇప్పుడే దుమ్ము దులిపి పెట్టిన" అనేవాడు. బావి దగ్గర ఎప్పుడూ నిలబడి ఉండే ఆడమనిషి పక్కింటి మణెమ్మ. రాక్షసుల మీదికి వెళ్తున్న వీరులను ఆపి "మీ అమ్మ ఇయ్యాల ఏం కూర వండింది?" అని అడిగేది. నేను నవ్వలేక కడుపు పట్టుకునేదాన్ని.

ఆ క్యాసెట్‌లో ఆటను దాచుకునే వీలు లేదు. కరెంటు పోతే మళ్లీ మొదటి ఊరు నుంచే. అప్పట్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకే మేము ఎప్పుడూ ఒక ఏటి ఒడ్డు దాకానే వెళ్లగలిగేవాళ్లం. అక్కడ పడవవాడు ఉంటాడు. వాడితో మాట్లాడి పడవ ఎక్కగానే నలుగురు మనుషులు మాయమై, తెర మీద ఒక్కడే కనిపిస్తాడు. అంత చిన్న పడవలో నలుగురిని గీయలేక ఒక్కడినే గీశారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు అన్న దానికి వేరే అర్థం చెప్పాడు. పడవలో ఒక్కరికే చోటు. ఎక్కినవాడు అవతలికి పోతాడు, మిగతావాళ్లు ఇవతలే ఉండిపోతారు. మేము దాన్నే నమ్మాం. పడవవాడిలా గొంతు బొంగురు చేసి అన్న ప్రతిసారీ అదే అడిగేవాడు.

"పడవల ఒక్కరికే జాగ. ఎవరెక్కుతరు?"

"నువ్వే ఎక్కు అన్నా. నాకు నీళ్లంటే భయం."

"పిరికిదానా! ఎప్పుడూ నేనేనా?"

"పెద్దోనివి కదా, ఎక్కు మరి!"

వందసార్లు అని ఉంటాను ఆ మాట. అన్న పోయాక దాని గురించి ఎవరికీ చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. ఆ టీవీ గేమ్‌ను అమ్మ ఎవరికో ఇచ్చేసింది.

ఈ మధ్య ఒకరోజు మా ఆయన టాబ్లెట్‌లో ఏదో చూస్తుంటే ఒక ప్రకటనలో పాట వినిపించింది. వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయాను. చిన్నప్పటి ఆటలో మోగే రాగమే. ఆ పాత ఆటనే కొత్త బొమ్మలతో మళ్లీ చేశారట. ఈసారి ఇంగ్లీషులో. ఆ రోజే దాన్ని టాబ్లెట్‌లో వేసుకున్నాను.

మొదటి నాలుగు రోజులు నాకు భయం నుంచి కాస్త ఊపిరి ఆడిందంటే ఆ ఆట వల్లే. పాతదానిలో చెట్టంటే ఒక పచ్చ చదరం, దాని పక్కన అలాంటిదే ఇంకోటి. ఇప్పుడు ఆకుల నీడలు నేల మీద కదులుతున్నాయి. వాన పడితే గుడిసెల చూర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎటు వెళ్లాలో ఒక బాణం చూపిస్తుంది. ఆట దానంతటదే దాచుకుంటుంది. దారి తప్పే పనే లేదు. అన్నీ సులువైపోయాయి కానీ, దారి తప్పి తిరుగుతున్నప్పుడు అన్న చెప్పే కబుర్లు ఇందులో లేవు. బావి దగ్గరి మణెమ్మ నిజంగా ఏమంటుందో మొదటిసారి చదివాను. యుద్ధానికి పోయిన భర్త కోసం ఎదురుచూస్తోందట. ఆమె కూర గురించి అడగలేదని నాకు ఏడుపొచ్చింది.

ఇక జరిగింది చెబుతాను.

పాపను సూర్యాపేటలో మాటలు నేర్పే ఒక మేడమ్ దగ్గరికి వారానికోసారి బస్సులో తీసుకెళ్తున్నాను. పాప ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు రోజూ పది నిమిషాలు వీడియో తీయమని ఆమె చెప్పింది. పక్కనే ఉండాలి, కానీ మాట అందించకూడదు. ఇంట్లో ఏ చప్పుడూ ఉండకూడదు. కాబట్టి ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, నేను గోడవారన నోరు మూసుకుని కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోలేక టాబ్లెట్ సౌండు పూర్తిగా తీసేసి ఆడేదాన్ని.

ఆ రోజు పొద్దున పదకొండు. పాప నాకు వీపు తిప్పి కూర్చుని స్టీలు గ్లాసులు ఒకదాని మీద ఒకటి పెడుతోంది. టాబ్లెట్ దానికి కనపడదు. నేను ఏటి ఒడ్డుకు చేరాను. పడవవాడు ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా అన్నాడు, అందరూ ఎక్కండి, చోటు చాలా ఉందని. నలుగురూ ఎక్కారు. నలుగురూ కనిపిస్తున్నారు. ఇన్నేళ్లూ మేము తప్పుగా అనుకున్నామని నాలో నేనే నవ్వుకున్నాను.

అప్పుడు పాప మాట్లాడింది. వెనక్కి తిరగలేదు. గ్లాసులు పేర్చడం ఆపలేదు.

"పడవల ఒక్కరికే జాగ. ఎవరెక్కుతరు?"

గొంతు దానిదే. కానీ పుట్టి బుద్ధెరిగాక అది అన్ని మాటలు కలిపి ఎన్నడూ అనలేదు.

నా నోట్లోంచి "నేను, నేనెక్కుతా" అని వచ్చింది. ఆలోచించి అనలేదు. బిడ్డ మాత్రం ఎక్కకూడదు, ఆ చోటు నాకే కావాలి అనిపించింది.

కొద్దిసేపు గ్లాసుల చప్పుడు. తర్వాత పాప మళ్లీ అంది, "చెల్లె ఎక్కొద్దు."

అంతే. ఇదంతా వీడియోలో ఉంది. దానికి ముందు ఆరు నిమిషాల్లో నేను పెదవి కదపలేదు. మా ఇంట్లో చెల్లె అని ఎవరూ ఎవరినీ పిలవరు. మా ఆయనకు తోబుట్టువులు లేరు. పాప ఒక్కతే.

డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన వీడియో చూసి పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

"నా బిడ్డ మాట్లాడింది! ఏం పడవనే? యాడికి పోతవ్ పడవల?"

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకుందండీ?" అన్నాను.

"ఫోన్ల యాడనో ఇన్నదేమో తీయ్. గిప్పుడు గూడ పరేషాన్ ఎందుకే? జర నవ్వు."

చుట్టాలందరికీ ఆ వీడియో పంపాడు. మాటల మేడమ్ కూడా సంతోషించింది. పూర్తి వాక్యం, ప్రశ్న కూడా, చాలా మంచి గుర్తు అంది. ఎప్పుడో మీరు పరధ్యానంలో అన్నది విని ఉంటుందని చెప్పింది. నేనూ అదే పట్టుకున్నాను. నిద్రలో కలవరించి ఉంటాను. పాప విని ఉంటుంది. మొదటి మాటకు ఆ కారణం సరిపోతుంది.

మర్నాడు కోదాడ నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"ఆ మాటలు నువ్వు నేర్పినవా పిల్లకు?"

"లేదమ్మా."

అమ్మ ఫోన్ పెట్టేసింది. రెండు గంటల తర్వాత మళ్లీ ఫోన్. బస్సులో ఉంది. గరిడేపల్లి దాటానని చెప్పింది. ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా పాప ముందు కూర్చుంది. అప్పుడు చెప్పింది.

"మీ అన్నకు జొరమొచ్చిన్నాడు నువ్వు బడికి పోయినవ్. పడుకోరా అంటే ఇనకుండ టీవీ ముందల కూసున్నడు. గంజి తీస్కపోయిన. తెర దిక్కు సూస్కుంట, 'చెల్లె ఎక్కొద్దు, చెల్లె ఎక్కొద్దు' అంటున్నడు. జొరం మాటలనుకున్న. ఆ తెల్లారె మాట పడిపాయె. మీ నాయనకు గూడ చెప్పలే నేను."

ఇరవై ఏళ్లకు పైగా అమ్మ ఎవరికీ చెప్పని మాట అది. నాకూ తెలియదు. తెలియని మాటను నేను నిద్రలో ఎలా కలవరిస్తాను? నా కారణాలన్నీ అక్కడ ఆగిపోయాయి.

"నిన్ను కాపాడిండే వాడు" అని అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. నాకు తోచింది వేరు. పడవలో ఒక చోటు ఉంది. నేనెక్కుతానంటే వద్దన్నాడు. మరి ఎవరికోసం ఉంచాడు ఆ చోటు?

ఆ రోజు తర్వాత పాప ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇప్పటికి ఐదు వారాలు. ఆ పడవ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. పాపను అటు తిప్పి కూర్చోబెట్టి, గ్లాసులు ఇచ్చి, సౌండు తీసేసి, పదకొండు గంటలకే ఆడాను. నలుగురూ ఎక్కుతారు, దిగుతారు. మళ్లీ వెనక్కి తీసుకొస్తాను. పాప గ్లాసులు పేరుస్తుంది. అంతే. నాకు పిచ్చి పడుతోందని మా ఆయన టాబ్లెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. అతనిని తప్పు పట్టను.

నిన్న మధ్యాహ్నం పాప ముందు కూర్చుని, దాని కళ్లలోకి చూస్తూ, సిగ్గు విడిచి అడిగాను. "అన్నా, దీన్ని కూడా ఎక్కించకు. ఇందులో అందరికీ జాగ ఉందట. నేను చదివిన. మనకే తెల్వలే. దీన్ని నా దగ్గరే ఉంచు."

పాప నన్ను చాలాసేపు చూసింది. నా గడ్డం పట్టుకుంది. నోరు విప్పుతుందేమో అనుకున్నాను. విప్పలేదు.

ఇది ఏమిటో నాకు తెలియదు. సైన్స్ చదివిన బుద్ధితో ఆలోచించినా, తల్లి మనసుతో ఆలోచించినా తేలడం లేదు. ఆ మాట భయపెట్టడానికి వచ్చిందో, ధైర్యం చెప్పడానికి వచ్చిందో కూడా చెప్పలేను. మా ఆయన నైట్ డ్యూటీలో ఉన్నాడు. పాప పక్క గదిలో నిద్రపోతోంది. ఈ వాక్యం రాసే ముందు లేచి వెళ్లి నుదురు పట్టి చూశాను. చల్లగానే ఉంది. ఇది రాయడం అయ్యాక మళ్లీ చూస్తాను.