రోజుకి నూట ఇరవై గ్రాములు

మా అన్నయ్యకి పందొమ్మిదేళ్లు వచ్చిన సంవత్సరం, డెబ్బయి ఆరులో, మా ఇంటికి ఒక కాగితం వచ్చింది.

అన్నయ్య బరువులెత్తేవాడు. మేముండే పోర్టు క్వార్టర్ల వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. సాయంత్రాలు అక్కడ నలుగురైదుగురు కుర్రాళ్లు ఇనుప చక్రాలు ఎత్తి దించుతుండేవారు. నేవీలో పనిచేసి రిటైరయిన ఒక మాస్టారు వాళ్లకి నేర్పేవారు. జిల్లా పోటీల్లో అన్నయ్య రెండోవాడిగా వచ్చాక ఆయన స్వయంగా మా ఇంటికొచ్చారు. మా నాన్న హార్బరులో సరుకులెత్తే వించి నడిపేవాడు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ మాస్టారికి వేసి, తను గుమ్మంలో నిలబడ్డాడు.

"కుర్రోడు ఏటి తింటన్నాడమ్మా?" అని మాస్టారు అమ్మని అడిగారు.

"అందరం తినీదే బాబూ. అన్నం, చారు. దొరికిన్నాడు సేపలు."

"అలగయితే జిల్లా దాటి ఎల్లడు. కండ ఊరికే వస్తాదేటి?"

ఆయన జేబులోంచి కాగితం తీశారు. అన్నయ్య బరువు అరవై కిలోలు. కిలోకి రెండు గ్రాముల చొప్పున రోజుకి నూట ఇరవై గ్రాముల మాంసకృత్తులు. దాని కింద పిండి పదార్థాలు ఎన్ని, కొవ్వు ఎంత, ఏది ఎక్సర్సైజుకి ముందు, ఏది తరవాత. రాష్ట్రంలో మొదటి ముగ్గురిలో నిలబడితే ఉద్యోగం పిలిచి ఇస్తారని కూడా చెప్పారు. నాన్న చెవికెక్కింది ఆ చివరి మాట.

నేనప్పుడు పదో తరగతి. మా సైన్సు పుస్తకం చివర ఏ తిండిలో ఏముందో చెప్పే పట్టిక ఉండేది. లెక్కల్లో నాకు మంచి మార్కులొచ్చేవి. "నువ్వు సూడమ్మీ ఇదంతా, మాకేటి తెలుస్తాది" అని అమ్మ ఆ కాగితం నా చేతిలో పెట్టింది. నాన్న పాత సామాన్ల కొట్టులో ఉత్తరాలు తూచే చిన్న త్రాసు కొనుక్కొచ్చాడు. నాకు ఎంత గర్వంగా ఉందో ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. ఇంట్లో మొదటిసారి నా చదువుతో పనిపడింది.

ఒక నోటుబుక్కు కుట్టుకున్నాను. అయిదు గుడ్లకి ముప్ఫయి గ్రాములు. అర లీటరు పాలకి పదహారు. నానబెట్టిన వేరుశనగ గుళ్లకి పన్నెండు. చేపలు నూటయాభై గ్రాములు తూస్తే ముప్ఫయి. పప్పుకి పదహారు, అన్నానికి ఇరవై. మొత్తం నూట ఇరవై నాలుగు. ఆ నాలుగు ఎక్కువొచ్చినందుకు మాస్టారు నా తల నిమిరారు.

నాన్న జీతం మాత్రం పెరగలేదు. అప్పటిదాకా ఆదివారం అయిదుగురం తినే గుడ్లు అన్నయ్య పొద్దున్న పూట తిండయ్యాయి. పాలు టీలోకి మాత్రం మిగిలేవి. నా నోటుబుక్కులో అన్నయ్య గడి ఒక్కటే ఉండేది. నాన్న బరువు పని చేస్తాడు కాబట్టి ఆయనకి పప్పు, చేప ఉండాలని నేను లోపల అనుకుని సర్దేదాన్ని. నాకు, తొమ్మిదేళ్ల మా చెల్లికి అన్నం, పులుసు. అమ్మ సంగతి అసలు తట్టేది కాదు. అమ్మ అందరి తరవాత తినేది కదా, ఉన్నదేదో తింటుందిలే అన్నట్టు.

భోజనానికి ముందు నాన్న ప్రార్థన చేసేవాడు. మేం క్రైస్తవులం. ఇచ్చిన తిండికి అందరి తరఫునా దేవుడికి వందనాలు చెప్పి, ఆమెన్ అనేవాడు. కళ్లు తెరిచేసరికి అన్నయ్య కంచంలో చేప ముక్కలు, మా కంచాల్లో ఆ పులుసు.

పోటీలు దగ్గరపడ్డప్పుడు, తన బరువు తరగతి కోసం అన్నయ్య అరవై కిలోలు దాటకూడదు. అన్నం సగానికి తగ్గించమనేవారు మాస్టారు. ఆ వారాల్లో మాకు కడుపు నిండేది. నేనూ చెల్లీ ఆ పోటీల కోసం ఎదురుచూసేవాళ్లం. అన్నయ్య గెలవాలని చూస్తున్నామని నాన్న మురిసిపోయేవాడు.

వారానికి రెండుసార్లు జాలరిపేట నుంచి ఒకావిడ చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. నేను త్రాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుంటే నవ్వేది. ఒకరోజు కవళ్ల చేపలు తూస్తుంటే చెల్లి నా భుజం మీద నుంచి తొంగిచూసింది. ఆవిడ చేయి ఆపి చెల్లి గడ్డం పట్టుకుంది.

"ఓలమ్మ, ఈ గుంట మొకం సూడు, ఎలగ పాలిపోనాదో. దీనికేటి పెడతన్నారు?"

"అందరికీ పెడతన్నాం," అన్నాను.

ఆవిడ లేచి వెళ్లేటప్పుడు గుప్పెడు నెత్తళ్లు చెల్లి గౌనులో పోసింది. అవి కూడా నేను తూచాను. అన్నయ్య లెక్కలో వేశాను.

ఆ ఏడాదే ఒక పొద్దున్న గుడ్లు నాలుగే ఉన్నాయి. చెల్లి గోడవైపు తిరిగి నిలబడింది. బుగ్గ ఉబ్బి ఉంది. స్కేలు తీసుకుని చేతి మీద కొట్టాను. "అన్నయ్య గుడ్డే అది! ఎవులు తినమన్నారు?" అది ఏడవలేదు. గబగబా మింగేసింది. ఎక్కడ కక్కిస్తానో అని భయపడి ఉంటుంది. నేను ఆ పని చేయలేదు, అంతే. తక్కువైన ఆరు గ్రాములు ఎక్కణ్ణుంచి పూడ్చాలా అని చూశాను. అమ్మ కోసం అడుగున కాస్త పప్పు ఉంచిన గిన్నె కనబడింది. దాన్ని అన్నయ్య కంచంలో వంచేశాను.

అమ్మ మధ్యాహ్నం ఖాళీ గిన్నె చూసింది. దాన్ని తీసి కడిగి బోర్లించింది.

ఏం తోచిందో, ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక నోటుబుక్కు చివరి పేజీలో అమ్మ పేరున ఒక గడి గీశాను. ముందురోజు తను తిన్నదంతా గుర్తు తెచ్చుకుని రాశాను. అన్నం, చారు, చేప తల పులుసు. కూడితే ఇరవై నాలుగు గ్రాములు. ఆడవాళ్లకి నలభై అయిదు కావాలని నా పుస్తకంలోనే ఉంది. మళ్లీ కూడి చూశాను. అంతే వచ్చింది.

"ఏటి రాస్తన్నావమ్మీ?" అంది అమ్మ, ఆరేసిన బట్టలు తీస్తూ. హార్బరు ఇనప ఖనిజం ధూళి పడి మా తెల్లబట్టలన్నీ ఎర్రగా ఉండేవి. వాటిని దులుపుతోంది.

"హోం వర్కు."

పేజీ చింపి పొయ్యిలో వేశాను. నాకు తెలియదని ఎవరికైనా చెప్పుకోవచ్చు. నాకు తెలుసు. ఆ ఇంట్లో అంకెతో సహా తెలిసింది నాకొక్కదానికే.

అన్నయ్య తరవాతి రెండేళ్లలో రాష్ట్రం పోటీలకి రెండుసార్లు వెళ్లి, ఒకసారి అయిదో వాడిగా, ఒకసారి నాలుగో వాడిగా వచ్చాడు. మెడ, భుజాలు బాగా బలిశాయి. కాలనీలో అందరూ నాన్నని ఆపి మెచ్చుకునేవారు.

డెబ్బయి తొమ్మిదిలో అమ్మకి దగ్గు పట్టుకుంది. చర్చిలో పాట మధ్యలో ఆపేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కొన్నాళ్లకి పాడడమే మానేసింది. సర్కారు ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. చిన్న వయసు డాక్టరు, ఓపిగ్గా చెప్పాడు. "మందులెంత ముఖ్యమో తిండీ అంతే. రోజూ రెండు గుడ్లు, అర లీటరు పాలు తగ్గకూడదు."

"తిండి లేక వచ్చిందాండీ?" అని అడిగాను.

"క్రిమి వల్ల వస్తుందమ్మా. కానీ తిండి ఉన్న ఒంట్లో అది అంత తేలిగ్గా నిలబడదు."

అమ్మ నావైపు చూడలేదు. బస్సులో వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది.

ఇంట్లో ఆ మాట చెప్పాను. అన్నయ్య కంచం ముందునుంచి తలెత్తాడు.

"రాష్ట్రం జట్టు సెలక్షన్లకి నెలన్నరే ఉన్నాది. అయిపోనాక నా గుడ్లూ పాలూ అన్నీ అమ్మకే ఇచ్చీండి. నాను అడ్డం సెప్తానేటి?"

"రోగం ఆగుతాదా నెలన్నర?" అన్నాను.

నాన్న గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అమ్మే మాట్లాడింది. "ఆడు సెప్పింది నిజమే కదా. ఇన్నేళ్లు పెట్టి ఇప్పుడు ఆపీడమెందుకు?"

నేను మాత్రం మర్నాటి నుంచి అయిదు గుడ్లలో రెండు, పాలు మొత్తం అమ్మకి పెట్టాను. జీవితంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే అనుకునేదాన్ని. వారం తిరగకుండా ఒక పొద్దున్న నీళ్లకని పెరట్లోకి వెళ్తే, అమ్మ కొంగులోంచి రెండు గుడ్లూ తీసి అన్నయ్య చేతిలో పెడుతోంది. వాడు నిలబడే తింటున్నాడు. నన్ను చూశాడు. నమలడం ఆపలేదు.

"నాకు తినబుద్ధి కాదే. వెలపరంగా ఉంటాది," అంది అమ్మ తరవాత.

నమ్మాను. నమ్మడం సులువుగా ఉంది.

సెలక్షన్లలో అన్నయ్య మూడు ప్రయత్నాల్లో ఒక్కసారీ బరువు నిలబెట్టలేకపోయాడు. ఇంటికొచ్చి సంచీ మూల విసిరేసి, అమ్మ వింటుండగానే అన్నాడు.

"రెండు గుడ్లు తగ్గించీసినావు కదే. సేతులు వణికిపోనాయి నాకు."

ఆ రెండు గుడ్లు ఎవరు తిన్నారో వాడికీ తెలుసు, నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. అమ్మ గోడకి జారబడి, "దాన్నేటీ అనకు. తప్పు నాదే, ఇప్పుడే పడ్డాను మంచాన," అంది. ముగ్గురిలో ఎవరమూ నిజం చెప్పలేదు.

ఎనభై ఒకటి ఫిబ్రవరిలో అమ్మ పోయింది. మర్నాడు పెట్టెలో పెట్టడానికి ఎత్తినప్పుడు, నలుగురు రావాల్సిన చోట ఇద్దరు సరిపోయారు. ఒకడు అన్నయ్య.

తరవాతి ఏడాది స్టీల్ ప్లాంట్ కడుతున్న చోట వాడికి సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది. చర్చిలో తెలిసినాయన ఎవరికో చెప్పి వేయించాడు. ఎంత బరువెత్తుతావని అక్కడెవరూ అడగలేదట. ఆ మాట వాడే నవ్వుతూ చెప్పాడు. షెడ్డుకి వెళ్లడం మానేశాడు.

అమ్మ పోయిన అయిదో ఏడు అన్నయ్య తన క్వార్టరులో జ్ఞాపకార్థ కూడిక పెట్టాడు. అప్పటికి నేను ఒక బడిలో టీచర్ని. చెల్లి నర్సు ట్రైనింగులో ఉంది. పాస్టరుగారు తల్లి ప్రేమ గురించి మాట్లాడాక అన్నయ్య సాక్ష్యం చెప్పడానికి లేచాడు. నిజంగానే ఏడ్చాడు.

"మా అమ్మకి ఆకలే ఉండీది కాదండి. నా కంచం సూసుకుని కడుపు నింపుకునీది. అలాటి తల్లి ఎవులికుంటాది?"

ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. ఎవరో స్తోత్రం అన్నారు. అప్పుడు నా పక్కన చెల్లి, లేవకుండానే, మామూలు గొంతుతో అంది.

"అమ్మకి ఆకలేసీది అన్నయ్యా."

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నా చెల్లి ఆపలేదు.

"చారు గిన్నె కడిగిన నీళ్లు తాగీది. నాను సూసినాను. ఆకలి నేకపోతే ఎందుకు తాగుతాది? అప్పా, నువ్వు సెప్పు. నీకు తెల్దా?"

అందరూ నావైపు తిరిగారు. అన్నయ్య కూడా. చెల్లి చేయి నా చేతి మీద ఉంది. ఒక్క మాట చాలు. ఇరవై నాలుగు అనే అంకె నోటిదాకా వచ్చింది.

"ఊరుకోవే," అన్నాను. "ఇప్పుడెందుకు అవన్నీ."

చెల్లి చేయి తీసేసుకుంది. పాస్టరుగారు ముగింపు ప్రార్థన అందుకున్నారు. ఆమెన్ అనేసరికి అది సంచీ తగిలించుకుని బస్టాండు వైపు వెళ్లిపోతోంది. భోజనం చేయలేదు. నేను వెనక వెళ్లలేదు. వడ్డించడానికి మనుషులు తక్కువున్నారు. బిర్యానీ గిన్నె అందుకున్నాను. అన్నయ్య వరసల మధ్య తిరుగుతూ, అందరికీ ముక్కలు పడ్డాయా లేదా అని అడుగుతున్నాడు.

చెల్లి రెండేళ్లు మా ఇంటికి రాలేదు. మూడో ఏడు నా కొడుక్కి జ్వరమని తెలిసి వచ్చింది. రెండు రోజులుంది. అన్నం నేను పెడితే తింది, కంచం తనే కడుక్కుంది. ఆ రోజు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.