ఎందుకు మార్చినావు?

తోటి పిల్లల చదువంతా ఉమైర్ తన కంప్యూటర్లో వేసుకుని తాళం పెట్టేశాడని ప్రొద్దుటూరులో మా వీధంతా చెప్పుకుంటోంది. శుద్ధ అబద్ధం! ఆ పిల్లవాడికున్న జబ్బు ఒక్కటే. ఎవరు ఏది మార్చినా 'ఎందుకు మార్చినావు?' అని అడగనిదే ముద్ద దిగదు.

నిజంగానే దిగదు. వాళ్లమ్మ జమీలా ఒకరోజు బొరుగుల ఉగ్గానిలో నిమ్మకాయకు బదులు చింతపండు పిండింది. ప్లేటు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకు మార్చినావమ్మీ?"

"నిమ్మకాయలు అయిపోయినాయి. తింటావా, తీసేదా?"

"తింటా. కారణం తెలిసింది కదా!"

మంగలి షంషుద్దీన్ ఉన్నట్టుండి మీసం తీసేస్తే, ఉమైర్ మొహానికి నురగతో కుర్చీలో కూర్చునే అడిగాడు.

"మీసం ఎందుకు తీసేసినావు మామా?"

"కత్తి జారిందప్పా."

"అట్లనా? అయితే నేను రేపొస్తా" అని నురగతోనే ఇంటికొచ్చేశాడు.

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉమైర్, ఓబులేష్, మున్నీ కలిసి ఒక ప్రాజెక్టు చేశారు. చీనీకాయల, అదే బత్తాయిల, ధర రైతుకు ఫోనులో చూపించే యాప్ అది. మొదట్లో తలా ఒక పెన్‌డ్రైవు పట్టుకుని, ఎవరిది కొత్తదో తేలక రోజూ కొట్లాటే. దాంతో ఉమైర్ ముగ్గురి పనీ ఒకేచోట ఉండేట్టు 'గిట్' అనేదొకటి పెట్టాడు. అందులో ఎవరు ఏది మార్చినా, ఎందుకో పక్కన ఒక మాట రాయాలి. ఇంకేముంది, వాడి జబ్బుకు ఇల్లు దొరికింది!

ఓబులేష్ 'ఊరికే' అని రాశాడు.

"ఊరికే అంటే ఏందిప్పా? సరిగా రాసేదాకా నీ పని కలపను."

"మా నాయన కూడా నన్ను ఇన్ని అడగడురా!" అని ఓబులేష్ టీ అంగడి దగ్గర మొత్తుకున్నాడు. అంగడి దాటేసరికి అదే తాళం కథయింది.

మున్నీ రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో వస్తుంది. కాలేజీలో ప్రాజెక్టు చూపించాల్సిన ముందురోజు, ఎప్పటిదో పాత కాపీలో పనిచేసి గిట్‌లోకి పంపబోయింది. 'ఇక్కడ వేరేవాళ్ల పని ఉంది, కుదరదు' అంది కంప్యూటర్. కిటికీలోంచి చున్నీ విసిరి సీటు పట్టే పిల్ల, కుదరదంటే ఆగుతుందా? బలవంతంగా తోసేసింది. మిగతా ఇద్దరి పనీ తుడిచిపెట్టుకుపోయింది.

ఓబులేష్ మండిపడ్డాడు. "రేపు సార్‌కు ఏం చూపియ్యల్ల? ఈ యమ్మిని గ్రూపులోంచి తీసెయ్ ఉమైరూ!"

గ్రూపు పోతే మున్నీకి ఏడాది పోతుంది. ఉమైర్ వైపు చూసింది. ఇక ఆ ప్రశ్న రానే వస్తుందని చున్నీ కొస నలిపేస్తూ నిలబడింది.

రాలేదు.

"నా కంప్యూటర్లో అందరిదీ ఉందిలేప్పా, మళ్లీ ఎక్కిస్తా" అన్నాడు ఉమైర్. "తప్పు నాది. బలవంతంగా తోసే దారిని ముందే మూసేయల్సింది, మూయలేదు."

మరునాడు యాప్ బాగుందని సార్ మెచ్చుకున్నాడు. ఓబులేష్ టీలు చెప్పడానికి పోయాడు. అంతదాకా బిగబట్టుకున్న మున్నీ అడిగేసింది.

"లోకంలో అందర్నీ అడుగుతావే, నన్నెందుకు అడగలా?"

ఉమైర్ నెత్తి గోక్కున్నాడు.

"కారణం తెలిస్తే తిట్టబుద్ధి కాదు, అందుకని అడుగుతా. నిన్ను తిట్టాలనే అనిపియ్యలా. ఇంకేమని అడిగేది?"