డిస్కు మీద పసుపు

మా అమీర్‌పేటలో కోచింగ్ లేని విద్య లేదు. నేను కూడా అక్కడే ఓ ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్నే. కానీ గుట్ట మీద నుంచి సైకిల్ మీద కిందికి దూసుకురావడం నేర్పుతామన్న బోర్డు మాత్రం మా వీధిలో ఎక్కడా కనబడలేదు. నా కూతురికి సరిగ్గా ఆ విద్యే కావాల్సి వచ్చింది.

పదమూడేళ్ల పిల్ల. మొదట మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే ర్యాంపు మీద మొదలుపెట్టింది. తర్వాత మెట్ల మీద. వాచ్‌మన్ చేతులెత్తి దండం పెట్టాక, ఆదివారాలు తెల్లవారగానే బంజారా హిల్స్ వాలు రోడ్ల మీద. చివరికి పంజాగుట్టలో పిల్లలకు సైక్లింగ్ నేర్పే ఒక భాయ్ దొరికి, సెలవు రోజుల్లో ఊరి బయట గుట్టలకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి దాని మోకాళ్ల మీద కొత్త గాయాలకు చోటు లేదు. నేను అరిచినప్పుడల్లా మా అత్తమ్మ అడ్డం వచ్చేది.

"తాకనియ్యి దెబ్బలు. బొక్కలు గట్టిపడ్తయి."

ఇలా అన్న మనిషి రోడ్డు దాటడానికి వణుకుతుంది. అమీర్‌పేట చౌరస్తాలో నా కొంగు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని దాటుతుంది. ఎక్కడో హారన్ మోగితే రెండడుగులు వెనక్కి వేస్తుంది, ఆ రెండడుగులూ నా కాళ్ల మీదే. మెట్రో వచ్చాక ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. మోకాళ్లు ఎంత నొప్పెట్టినా స్టేషన్ మెట్లెక్కి అవతలి వైపు దిగుతుంది తప్ప రోడ్డు మీద అడుగు పెట్టదు.

ఈ చలికాలంలో వికారాబాద్ వైపు గుట్టల్లో పిల్లలకు పోటీ పెట్టారు. శనివారం ప్రాక్టీసు, ఆదివారం పోటీ. పై నుంచి ఒక్కొక్కరే దిగాలి, తక్కువ సమయంలో దిగినవాళ్లది గెలుపు. పిల్లకు ఇదే మొదటి పోటీ. నెల రోజులుగా అన్నం తింటూ కూడా పళ్లెంలో వేలితో మలుపులు గీసుకుంటోంది. మా ఆయనకు డ్యూటీ ఉండటంతో కారు నేనే తీశాను. "నేను సుత వస్త," అని అత్తమ్మ దారిలో తినడానికి సర్వపిండి మూట కట్టుకుని ముందే తయారైంది.

శనివారం తెల్లవారుజామున, ఇంకా చీకటి విడవకముందే, సెల్లార్‌లో సైకిల్‌కు పూజ జరిగింది. మా ఇంట్లో పూజ చేయకుండా బండి గేటు దాటదు. అత్తమ్మ చిన్నప్పుడు వాళ్ల ఎడ్లబండికి చేశారట, తర్వాత మా ఆయన స్కూటర్‌కు, ఆ తర్వాత నా కారుకు. సైకిల్ ఏం పాపం చేసింది? పిల్ల పైన ఇంట్లో హెల్మెట్ వెతుక్కుంటోంది. నేను సెల్‌ఫోన్ టార్చి పట్టుకున్నాను. అత్తమ్మ హ్యాండిల్‌కు బొట్టు పెట్టి, వెనక చక్రం దగ్గర కూర్చుంది. చక్రం మధ్యలో తళతళలాడే గుండ్రటి ఇనుప రేకు ఆమెకు తెగ నచ్చింది.

"విష్ణుచక్రం లెక్కనే ఉన్నది గాదె! నీళ్లల్ల కలిపితే రాలిపోతది. నూనెల కలిపిన, రెండు దినాలు నిలుస్తది," అంటూ దాని చుట్టూ పసుపు దట్టంగా పట్టించి, పైన కుంకుమ చుక్కలు పెట్టింది. నేను భక్తిగా టార్చి ఇంకాస్త దగ్గరగా పట్టాను. పిల్ల పరుగున వచ్చి, గబగబా దండం పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, సైకిల్‌ను కారుకెక్కించింది.

గుట్ట మీద మొదటి మలుపులోనే సైకిల్ కీచుమంది, పెనాన్ని గరిటెతో గీకినట్టు. అరుపైతే గట్టిగానే ఉంది గానీ బండి మాత్రం ఆగలేదు. పిల్ల తిన్నగా పొదలోకి పోయింది. నవ్వుతూనే లేచింది. వెనక చక్రం చూసుకున్నాక నవ్వు పోయింది.

భాయ్ వచ్చి రేకును వేలితో రాసి వాసన చూశాడు. "నువ్వుల నూనె! ఎవరు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన కొడుకా," అంది అత్తమ్మ.

ఆయనకు కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. ఆ రేకును డిస్కు అంటారని, దాన్ని రెండు వైపుల నుంచి చిన్న ప్యాడ్‌లు నొక్కితేనే బండి ఆగుతుందని, ఆ ప్యాడ్‌లు నూనె తాగేశాయని నెమ్మదిగా చెప్పాడు. "పసుపు మంచిదే అమ్మా. గా జాగల మాత్రం వద్దు. రేపు మొదలుపెట్టేముందు బ్రేకు చూస్తరు. పట్టకుంటే పిల్లను పంపరు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నోరు తెరిచాను.

"అమ్మా, నువ్వేం అనకు. టార్చి పట్టింది నువ్వే గదా," అంది నా కూతురు.

అత్తమ్మ కారులో కూర్చుని సర్వపిండి మూట విప్పలేదు. "నా చేతులతోనే పొల్లను పడగొట్టిన," అని గొణుక్కుంటూ కూర్చుంది. పిల్లను పోటీకి పంపకపోతే పిల్ల రెండు రోజులు ఏడ్చి మర్చిపోతుంది. ఈవిడ మాత్రం జన్మలో మర్చిపోదు.

కొత్త ప్యాడ్‌లు పోటీకి వచ్చిన మరో అబ్బాయి తండ్రి ఇచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి. "పిల్లలు పోటీ పడాలి గానీ బ్రేకులతో ఏంటండీ పోటీ, తీసుకోండి," అన్నాడు. ఆయన నోట్లో పంచదార పోయాలనిపించింది. నేను వికారాబాద్ దాకా పోయి మందుల షాపులో స్పిరిట్, దూది తెచ్చాను. పిల్ల చక్రం ఊడదీసి తిన్నగా కారు దగ్గరికి పోయింది.

"నానమ్మా, పూసింది నువ్వు. తుడిచేది సుత నువ్వే."

"చింతపండు పెట్టి తోమాల్నా?" అంది అత్తమ్మ, ఆశగా.

భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. చింతపండు లేకుండానే ఆమె పని మొదలుపెట్టింది. దేవుడి సామాన్లు తోమే మనిషి కదా, రేకుకున్న ప్రతి చిల్లులోకీ దూది వత్తిలా చేసి దూర్చింది. దూది మీద పసుపు కనబడినంత సేపూ కొత్త దూది అడిగింది. తెల్లగా వచ్చాక కూడా నమ్మకం కుదరక ఇంకోసారి తుడిచింది. సాయంత్రం పిల్ల చదును నేల మీద అటూ ఇటూ తిరుగుతూ బ్రేకు నొక్కి నొక్కి చూసింది. పట్టింది. అప్పుడు సర్వపిండి మూట విప్పారు, రాజమండ్రి వాళ్లకు కూడా పెట్టారు.

ఆదివారం బ్రేకు చూసి పిల్లను పంపారు. మేం కింద, ముగింపు గీత దగ్గర ఉన్నాం. పైన చెట్ల సందుల్లో మా పిల్ల ఎర్ర హెల్మెట్ కనబడుతోంది, మాయమవుతోంది. రాళ్ల మీద నుంచి దూకాల్సిన చోట సైకిల్ గాల్లోకి లేచింది, దిగింది, నిలబడింది. నేను అరిచిన అరుపుకు పక్కావిడ చెవులు మూసుకుంది. సంతోషంతో ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

గీత దాటాక సైకిళ్లు నెమ్మదించడానికి కొంత ఖాళీ నేల వదిలారు. చూస్తే ఆ నేల చివర, కట్టిన రిబ్బన్ దాటి, సరిగ్గా మధ్యలో మా అత్తమ్మ నిలబడి ఉంది. "అమ్మా, జరుగుండ్రి! జరుగుండ్రి!" అని అందరూ కేకలు. హారన్ వింటే వెనక్కి జరిగే మనిషి, అంగుళం కదలలేదు. కళ్లు కూడా మూసుకోలేదు.

పిల్ల బ్రేకు నొక్కింది. సైకిల్ ఆమె చెప్పుల ముందు ఆగింది. దుమ్ము మాత్రం ఆమె చీర దాకా లేచింది. పిల్లకు మొదటి మూడు స్థానాల్లో ఏదీ రాలేదు. అడిగిన వాళ్లూ లేరు. పిల్ల నానమ్మ మెడ పట్టుకుని ఊగిపోతోంది.

నేను పరుగెత్తుకెళ్లి అరిచాను. "ఎందుకు నిలబడ్డవ్ అత్తమ్మా? తాకితే?"

"ఎట్ల తాకుతది? తుడిచింది నేను గాదా?"

సోమవారం కూరగాయలకని బయల్దేరాం. మెట్రో మెట్లు ఎక్కడానికి నాకు ఓపిక లేక కిందనే దాటుదామన్నాను. చౌరస్తాలోకి రాగానే అత్తమ్మ మళ్లీ నా కొంగు పట్టుకుంది, కళ్లు గట్టిగా మూసుకుంది.

"నిన్న అంత ధైర్యంగ నిలబడ్డవ్ గదా," అన్నాను.

"గీ బండ్ల బ్రేకులు ఎవరు తుడిచిండ్రో మనకెర్కనా?" అంది.