గొర్రెల మందు గొట్టం

నా కనుబొమ్మ మీది మచ్చ బండ మీద జారిపడితే వచ్చింది కాదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీకి కూడా. మొన్న జమ్మలమడుగులో బస్సు ఒక పంక్చరు షాపు ముందు ఆగి, ట్యూబులకు పూసే సొల్యూషన్ వాసన కిటికీలోంచి ముఖాన కొట్టగానే, నా చేయి తనంతట తానే ఆ మచ్చ మీదికి పోయింది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో అట్లాంటి షాపులోనే పనికి కుదిరిన తమ్ముడు, మీసమైనా రాని వయసులో, ఆ సొల్యూషన్ పీల్చడం మరిగాడు. అది దొరకని రోజు అమ్మను జుట్టు పట్టి గోడకేసి కొట్టేవాడు, కాసేపటికి అదే అమ్మ ఒడిలో తల దూర్చి వణికేవాడు. ప్రొద్దుటూరులో చూపిస్తే డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, కొట్టవద్దని, బలవంతంగా మింగించవద్దని చెప్పింది. ఇంత చిన్నవాళ్లను ఉంచుకొని నయం చేసే చోటు దగ్గరలో లేదని, పెద్దవాళ్ల మధ్య వేస్తే ఇంకా చెడిపోతాడని కూడా చెప్పింది.

నాన్నకు తెలిసిన వైద్యమంతా గొర్రెలకు చేసేదే. గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకొని, దవడ విడదీసి, వెదురు గొట్టంతో మందు పోసి, గుటక పడేదాకా మూతి మూసి పట్టేవాడు. "గొర్రె అడిగి తాగుతాదా యాడన్నా? మనమే తాపల్ల" అంటూ మాత్రలు నూరి తమ్మునికీ అట్లాగే పోసేవాడు. కాళ్లు పట్టుకోవడం నా వంతు.

ఒకనాడు నాన్న మందను తోలుకొని పోగానే, మాత్రలు నూరిన గుండురాయితోనే తమ్ముడు నా ముఖం మీద కొట్టాడు. రక్తం చూసి, వాడే నా ఓణీ దెబ్బకు అదిమిపెట్టి ఏడ్చాడు. ఇంకోసారి చెయ్యెత్తితే పులివెందులలో తాగుబోతులను కట్టేసి మాన్పించే చోట పడేస్తానని నాన్న అప్పటికే అని ఉన్నాడు గనుక, జారిపడ్డానని చెప్పాను.

నా అబద్ధం వాణ్ణి ఎన్నాళ్లో కాయలేదు. మందు పోస్తుండగా వాడు నాన్న వేలిని ఎముక తగిలేదాకా కొరికాడు. నాన్న చేతికర్ర విరిగేదాకా కొట్టి, గొర్రెల పలుపుతో కాళ్లూ చేతులూ కట్టి, పులివెందులకు పోను ఆటోలో వేశాడు. అలవాటు కొద్దీ నేను కాళ్లు పట్టుకున్నాను. ఆ వారమే వాడు అక్కడి గోడ దూకి పోయాడు, మళ్లీ కనబడలేదు.

ఇప్పుడు మా ఊరి బడికి కూడా డాక్టర్లు వచ్చి, ఇట్లాంటి పిల్లలతో మెల్లగా మాట్లాడాలని చెబుతున్నారు. మంద అమ్మేసిన నాన్న, పంక్చరు షాపు కనబడితే చాలు, ఆగి లోపలి ముఖాలన్నీ చూసి వస్తాడు. ఆ వెదురు గొట్టం ఇంకా చూరులోనే ఉంది.

ఆనాడు ఆటో కదిలేటప్పుడు తమ్ముడు విదిలించుకోలేదు, తిట్టలేదు. తన కాళ్ల మీది నా చేతులను చూసి అడిగాడు.

"నేనేమన్నా గొర్రెనాక్కా?"