పసిబిడ్డకు నీళ్ళు పోసే సుక్కమ్మ

“ఆ పొగకు నా బిడ్డ ఊపిరి ఆగిపోతే?”

హెప్సిబా అడిగింది. బాత్రూం గడపలో నిప్పుల మూకుడు పట్టుకుని నిల్చున్న సుక్కమ్మ పిడికెడు సాంబ్రాణి పొడి నిప్పుల మీద చల్లి, “ఏం ఆగదు. పొగకు సచ్చేటివి దోమలు,” అంది.

మన్సూరాబాద్‌లో ఆ ఇంటికి సుక్కమ్మను పిలిపించింది హెప్సిబా అత్త ఎలీశమ్మ. హెప్సిబాకు తల్లి లేదు. ఎలీశమ్మకు మోకాళ్ళు వంగవు. నెలలు నిండకుండా పుట్టి, దవాఖానలో అద్దాల పెట్టెలో పెరిగి ఇంటికొచ్చిన పసిపిల్లకు నీళ్ళు పోయడానికి చేయి తిరిగిన మనిషి కావాలి. ఆ పని మీద మన్సూరాబాద్ నుంచి చైతన్యపురి దాకా ఎవరిని అడిగినా సుక్కమ్మ పేరే చెప్తారు. ఆ వెంటనే, “నోరు మాత్రం మంచిది కాదు,” అని కూడా చెప్తారు.

హెప్సిబా కోచింగ్ సెంటర్లో జంతుశాస్త్రం చెప్పేది. ఊపిరితిత్తుల బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. ఇప్పుడు ఆ బొమ్మే ఆమెను పీడిస్తోంది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది. అలాంటి పిల్ల చుట్టూ ఓ ముసలామె పొగ వేస్తుంటే లేచి కిటికీలన్నీ తెరుస్తుంది. సుక్కమ్మను ఎట్లా పంపించెయ్యాలా అన్నదే ఆమె ఆలోచన. సరైన సాకు కోసం కాచుకుని ఉంది.

సుక్కమ్మది అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఓ పల్లె. పెళ్ళయ్యాక మొగుడు సాయిలుతో ఎల్బీనగర్ చేరింది. అతను చౌరస్తాలో తాళాలు బాగుచేసేవాడు. మాట్లాడడమంటే అతనికి బద్ధకం, అతని వాటా మాటలు కూడా సుక్కమ్మే మాట్లాడేది. పక్క గదిలో కిరాయికున్న ఓ పిల్ల, తొలి కాన్పు బిడ్డను ఒళ్ళో వేసుకుని ఎట్లా కడగాలో తెలియక ఏడుస్తుంటే, తిట్టుకుంటూ వెళ్ళి ఆ బిడ్డకు నీళ్ళు పోసింది. అట్లా మొదలైంది. ఆ తర్వాత కాలనీలు కాలనీలు తిరిగింది. ఒక ఇంట్లో బిడ్డకు నిమ్ము చేస్తే, “నీ నీళ్ళ వల్లనే,” అని ఆ ఇంటివాళ్ళు బజారులో నిలబెట్టి అరిచారు. ఆనాటి నుంచీ సుక్కమ్మ బిడ్డలతో నవ్వుతుంది గానీ తల్లులతో నవ్వదు.

హెప్సిబా ఒంటి మీద కూడా ఆమె పెత్తనమే. వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు వీపు ఎర్రబడేదాకా చెంబులతో కొట్టి, తల మీంచి దుప్పటి కప్పి, “చెమట పట్టాలె. కదిలినవంటే మళ్ళ పోస్త,” అని బెదిరించేది.

హెప్సిబా భర్త జోయల్ ఇద్దరినీ చల్లార్చబోయాడు. “ఫిన్లాండ్ల కూడ గిట్లనే ఉంటదంట హెప్సీ. వెనకటికి ఆవిరిస్నానం గదులల్లనే కాన్పులు చేసెటోళ్ళంట.”

“ఆడ గూడ నా అసొంటిది ఒకతుంటది,” అంది సుక్కమ్మ. “దాన్ని గూడ ఎవతో ఒకతి గిట్లనే సతాయిస్తుంటది.”

“నీ అసొంటిది ఉంటే ఆ దేశం ఎప్పుడో ఖాళీ అయ్యేది,” అంది హెప్సిబా.

జోయల్ మళ్ళీ ఆ జోలికి పోలేదు.

నీళ్ళ దగ్గర ఇంకో యుద్ధం. సుక్కమ్మ తడి నేల మీద కాళ్ళు చాపి, చీర మోకాళ్ళ దాకా మడిచి, పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంటుంది. నీళ్ళు ఇంకొకరు పొయ్యాలి. అవి పిల్ల మీద కాదు, ముందు సుక్కమ్మ అరచేతిలో పడాలి, అక్కడి నుంచి వీపు మీదికి జారాలి. వేడినీళ్ళలో చన్నీళ్ళు కలపడం మొదట్లో సుక్కమ్మ పనే. మోచెయ్యి ముంచి చూసుకునేది. హెప్సిబా థర్మామీటర్ తెప్పించి, “ఇకనుంచి నేను కలుపుతా,” అంది. “కలుపు తల్లీ, కలుపు. ఇన్నేండ్లు నేను బిడ్డల్ని ఉడకవెట్టిన,” అని సుక్కమ్మ బకెట్ ముట్టడం మానేసింది. హెప్సిబా బట్టల కోసం అటు తిరిగిన రోజుల్లో మాత్రం గుట్టుగా తానే కలిపేసేది. అది హెప్సిబాకూ తెలుసు. తెలిసీ ఊరుకునేది, మర్నాడు దెప్పడానికి.

ఆ ఉదయం సుక్కమ్మ నిప్పుల మూకుడు బాత్రూం లోపలికే తెచ్చి, గాలి సోకుతుందని కిటికీకి గోనెపట్టా కట్టింది. హెప్సిబా చూసి, చెంబెడు నీళ్ళు తెచ్చి నిప్పుల మీద గుమ్మరించింది. బుస్సుమని బూడిద లేచింది.

“నీ చేతులు పడిపోను! నిప్పు మీద నీళ్ళు పోస్తవా పిల్ల తల్లివయ్యి!”

“నా ఇల్లు, నా బిడ్డ. తలుపులు మూసి బొగ్గులు పెడితే విషవాయువు వస్తది. చదువు లేకపోతే చెప్పినప్పుడన్న వినాలె!”

“నీ సదువు పొయ్యిల వెట్టు. పిల్లనియ్యి!”

ఎలీశమ్మ మసిలే నీళ్ళు తెచ్చి బకెట్లో పోసి, ఈ గోల పడలేక వెళ్ళిపోయింది. సుక్కమ్మ తిడుతూనే కూర్చుని పిల్లను కాళ్ళ మీద వేసుకుంది. హెప్సిబా గోనెపట్టా పీకి పారేసి, తిడుతూనే చెంబు ముంచింది. నీళ్ళు సుక్కమ్మ కలిపిందనుకుంది హెప్సిబా. హెప్సిబానే కలిపిందనుకుంది సుక్కమ్మ. థర్మామీటర్ సింకులో పడి ఉంది.

చెంబు వంగింది. సుక్కమ్మ అరచేయి ఎప్పటిలాగే పిల్ల వీపు మీద దొప్పలా నిలబడి ఉంది.

ఆమె కేక పెట్టలేదు. నీళ్ళు నిండిన ఆ చేతిని అలాగే పక్కకు తిప్పి, రెండో చేత్తో పిల్లను ఎత్తి హెప్సిబా గుండెకేసి కొట్టినట్టు అందించింది. అప్పుడు అరిచింది. పిల్ల మడమ మీద రెండు చుక్కలు పడి ఎర్రగా కందింది. అంతే. సుక్కమ్మ అరచెయ్యి మాత్రం మణికట్టు దాకా బొబ్బలెక్కింది.

“ఎందుకు కలపలే?” హెప్సిబా పిల్లను అదుముకుంటూ అడిగింది.

“కలిపేటిదానివి నువ్వు గాదె? చెంబు నీ చేతుల లేదె?”

దవాఖాన నుంచి వచ్చాక కూడా ఆ రెండు ప్రశ్నలూ ఇంట్లో తిరుగుతూనే ఉన్నాయి. పిల్లకు ఏమీ కాలేదని డాక్టర్ చెప్పినా, హెప్సిబా మనసులో చెంబు వంగుతూనే ఉంది. సాయంత్రం ఫోన్ చేసి, “రేపటి నుంచి రావొద్దు,” అంది. ఇన్నాళ్ళూ కాచుకున్న సాకు దొరికింది. దొరికినా సంతోషం కలగలేదు.

మర్నాడు పొద్దున్నే సుక్కమ్మ తలుపు కొట్టింది. చేతికి కట్టు.

“రావొద్దన్న గద.”

“నువ్వు మాన్పిచ్చుడేంది, నేనే మానుకున్న. కూసో కింద.”

“ఎందుకు?”

“రేపు ఎవ్వరు పోస్తరు? నీ మొగడా? కాళ్ళు సాపు.”

హెప్సిబా ఎందుకు కూర్చుందో ఆమెకే తెలియదు. నీళ్ళు ఎలీశమ్మ పోసింది. సుక్కమ్మ గడపలో నిలబడి, మెడ కింద చెయ్యి పెట్టమనీ, కర్రలాగా బిగుసుకోవద్దనీ, చెవిలోకి నీళ్ళు పోనియ్యవద్దనీ తిట్టి తిట్టి చెప్పింది. పిల్లను తువ్వాలులో చుట్టాక, “ధూపం?” అంది.

“వెయ్యను.”

“వెయ్యకు. దోమలు సంబురపడ్తయి.”

చెప్పులు వేసుకుంటూ ఆగింది. ముఖంలో మెత్తదనమేమీ లేదు.

“ఒక్క మాట ఇను. నిన్న నీ కోపం నా మీద, నా కోపం నీ మీద. నీళ్ళ మీద ఎవ్వరికీ సోయి లేకుండె. కోపం మీదున్ననాడు బిడ్డకు తానం పోయకు. తడిగుడ్డతోని తుడిచి పండవెట్టు. ఒక్కనాడు నీళ్ళు పోయకుంటె బిడ్డకు ఏం గాదు.”

మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. ఎదురింట్లో కాన్పు అయినప్పుడు వచ్చింది గానీ హెప్సిబా తలుపు వైపు చూడలేదు.

పోయిన వారం సెలవు పొడిగించే విషయంలో హెప్సిబాకు జోయల్‌తో పెద్ద గొడవ అయింది. అతను విసురుగా ఆఫీసుకు వెళ్ళిపోయాడు. వంటింట్లో నీళ్ళు కాగుతున్నాయి.

“ఇయ్యాల పిల్లకు నీళ్ళు పొయ్యవా?” ఎలీశమ్మ అడిగింది.

“పొయ్యను అత్తమ్మా,” అని హెప్సిబా స్టవ్ ఆపి, మెత్తటి గుడ్డ ఒకటి తడిపి పిండుకుని, పిల్ల పక్కన కూర్చుంది.