అంకమ్మ ఇంటి ఫోను, మూడు రింగుల లెక్క

2022 మార్చిలో నేను మార్కాపురం సబ్‌డివిజన్‌కు ఇంజనీరుగా వచ్చాను. టెలిఫోన్ శాఖలో సబ్‌డివిజనల్ ఇంజనీరంటే కాస్త పెద్ద కుర్చీయే. కానీ ఆ ఏడు నాకు అప్పజెప్పింది ఇల్లిల్లూ తిరిగే పని. రాగి తీగల మీద మిగిలిన ల్యాండ్‌లైన్లన్నీ ఫైబర్‌కు మార్చాలి, వద్దన్నవాళ్ల చేత ఫోను సరెండర్ చేయించాలి, ఆ తర్వాత రాగి కేబుళ్లు మూసెయ్యాలి. రిటైర్మెంటు ముంగిట ఇలాంటి పని తగిలితే ఎవరైనా తల పట్టుకుంటారు. నేను మాత్రం పండగ చేసుకున్నాను. ఉద్యోగమంతా రాగితో కుస్తీ పట్టినదాన్ని. వాన పడితే గరగర, రోడ్డు తవ్వితే డెడ్డు. అలాంటిది వెంట్రుకంత గాజు పోగులో మాట వెలుగై పోతుందంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పాత పద్ధతి కాస్త చెప్పాలి. ఎక్స్ఛేంజీ నుంచి లావుపాటి కేబులు వీధిలోని పిల్లరు దాకా వస్తుంది. పిల్లరంటే రోడ్డు పక్కన నిలబెట్టిన ఇనుప బీరువా. అక్కడి నుంచి స్తంభానికి, స్తంభం నుంచి ఇంటికి జంట తీగ. ఫోను మోగడానికి కావలసిన కరెంటు కూడా ఎక్స్ఛేంజీ బ్యాటరీలే పంపుతాయి. ఫైబర్‌లో అలా కాదు. ఇంట్లో గోడకు ఒక చిన్న పెట్టె బిగిస్తాం, మేం ఓఎన్‌టీ అంటాం. వచ్చిన వెలుగును అది ఒక పక్క నెట్‌గా, ఇంకో పక్క మాటగా మారుస్తుంది. పాత ఫోను దాని వెనక గుచ్చితే పాత నంబరే పలుకుతుంది. పెట్టెకు కరెంటు మాత్రం ఇంటివాళ్లే ఇవ్వాలి.

అందుకే ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ప్రశ్న. నెట్ సరే మేడం, ల్యాండ్‌లైన్ ఉంచుకోవాలా, తీసేయించుకోవాలా? చాలామంది తీసెయ్యమనే అన్నారు. అందరి చేతుల్లో సెల్ ఉంది కదా.

పెద్దారవీడు మండలంలో ఒక ఊరి నుంచి సునీత అనే అమ్మాయి ఆఫీసుకు ఫోను చేసింది. టీచరు పరీక్షకు ఆన్‌లైన్ క్లాసులు వింటోంది, సెల్ డేటా మధ్యాహ్నానికే అయిపోతోంది, ఫైబర్ కావాలి, ల్యాండ్‌లైన్ మాత్రం అక్కర్లేదు అంది. టెక్నీషియన్ జబ్బార్‌ను వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. జబ్బార్ గిద్దలూరు మనిషి, సర్వీసులో సగం స్తంభాల మీదే గడిపినవాడు. వెళ్లేసరికి సునీత అత్త అంకమ్మ వసారాలో ఫోను పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ మాకు మంచినీళ్లిచ్చింది, ఆ తర్వాత తీర్పిచ్చింది.

"ఈ ఫోను తీసేస్తే మీ నెట్టు కూడా నా గడప తొక్కేది లేదు మేడమ్మా."

కారణం విన్నాక నాకు భలే హుషారొచ్చింది. వాళ్లది గొర్రెలు మేపే కుటుంబం. ఎండలు ముదరగానే అంకమ్మ భర్త గురవయ్య మందను తోలుకుని నల్లమల అంచుకు వెళ్తాడు, వానలు కుదురుకునేదాకా తిరిగి రాడు. పొద్దుగూకే వేళ గుట్టెక్కి తన చిన్న సెల్‌తో ఇంటి ల్యాండ్‌లైన్‌కు ఫోను చేస్తాడు. ఆ గుట్ట మీద సిగ్నలు అంతంతమాత్రం, మాట నిలవదు, రింగు మాత్రం పోతుంది. అందుకని వాళ్లు రింగులతోనే కబురు పెట్టుకున్నారు. ఒక్క రింగుకు కట్ చేస్తే అంతా క్షేమం. రెండైతే సరుకులు పంపాలి. మూడైతే జీవాలకు ఆపద, డాక్టరును తీసుకుని బండి మీద రావాలి. మోగుతుండగా ఇంట్లో ఎవరూ ఫోను ఎత్తకూడదు. గురవయ్యతో కలిసి మందలు తోలుకుపోయే మరి కొన్ని ఇళ్లవాళ్లకు కూడా అతనిచ్చే ఈ రింగులే కబురు.

ఆ రింగులేవో సెల్‌కే ఇవ్వచ్చు కదత్తా అని సునీత వాదించింది. సెల్‌కు చేస్తే రింగు బదులు పాటలు వినిపిస్తాయి, మీ మామ పాటలు లెక్కపెట్టాలా అని అంకమ్మ నోరు మూయించింది. పైగా సెల్ ఎప్పుడూ ఎవరో ఒకరి జేబులో ఊరేగుతుంటుంది, వసారాలో ఫోను ఎక్కడికీ పోదు. నాకు ఆ మాటలో తప్పు కనిపించలేదు. రెండూ ఉంటాయి, నంబరు మారదు, నెట్ వస్తుంది, ఫోను మోగుతుంది అని అత్తాకోడళ్లిద్దరికీ చెప్పాను.

జబ్బార్ స్తంభం నుంచి ఫైబరు లాగి, పోగుకు పోగు అతికించి, పవర్ మీటరులో వెలుగు సరిగ్గా అందుతోందని చూపించాడు. అంకమ్మ లేచి మీటరు దగ్గర మెయిన్ దించేసి, ఇప్పుడు మోగించు అంది. నేను ముందే చిన్న బ్యాటరీ పెట్టించాను. నా సెల్ నుంచి చేశాను, ఫోను ఘనంగా మోగింది. ఆవిడ మెయిన్ ఎత్తి, సరే ఉండనీ అంది. తిరిగొచ్చేటప్పుడు జీపులో నేనూ జబ్బారూ పరీక్ష పాసైన పిల్లల్లా నవ్వుకున్నాం.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. వేసవి చివర మొదటి వానలు పడి అడవి అంచున గడ్డి లేచాక ఒక ఉదయం అంకమ్మ నా గదిలోకి వచ్చింది. సంచిలోంచి ఓఎన్‌టీని తీసి నా బల్ల మీద పెట్టింది. ఎవరి బిడ్డనో వాళ్లకు అప్పగించినట్టు రెండు చేతులతో పెట్టిందే గాని, మొహం మాత్రం మండుతోంది.

"నీ వెలుగు నువ్వే పెట్టుకో. నా తీగ నాకియ్యి" అంది.

జరిగింది ఇదీ. లేత గడ్డి మేసిన గొర్రెలకు చిటుక రోగం తగిలింది. బాగా మేసిన జీవాలే ఉన్నట్టుండి కూలిపోయే జబ్బు అది. గురవయ్య గుట్టెక్కి మూడు రింగులిచ్చాడు. ఇంట్లో ఫోను రెండే మోగింది. రెండంటే సరుకులు. తెల్లారి కొడుకు శ్రీను బియ్యం, ఉప్పు, కందిపప్పు కట్టుకుని తాపీగా వెళ్తే అక్కడ గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి. వాడు మళ్లీ పరుగున వచ్చి పశువుల డాక్టరును తీసుకెళ్లేలోగా ఇంకొన్ని పోయాయి. మిగిలిన మంద ఇంకా అక్కడే ఉంది, గురవయ్యా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఆ ఫోను ఏం మోగినా నమ్మడమెట్లా?

ఆఫీసులో అందరూ ఇంటివాళ్లే లెక్క తప్పి ఉంటారన్నారు. అంకమ్మ వైపు చూస్తే నాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. పోనీ రాగి తిరిగి ఇద్దామా అంటే ఆ పిల్లరు నెలాఖరుకు మూసెయ్యాలని జిల్లా ఆఫీసు ఉత్తర్వు ఉంది. ఇచ్చినా అది నాలుగు రోజుల ముచ్చటే. ఆ తర్వాత నంబరు కూడా పోతుంది. ఒక్క పూట టైమివ్వమని ఆవిడను అడిగి, పెట్టె తీసుకుని అందరం ఆ ఊరికి బయల్దేరాం.

జబ్బార్‌ను గురవయ్య ఎక్కే గుట్ట మీదికే పంపాను. తనకు మూడు రింగులు వినపడగానే కట్ చెయ్యాలి, కాసేపాగి మళ్లీ అలాగే చెయ్యాలి. నేను పెట్టెకు ఫైబరూ ఫోనూ తిరిగి తగిలించి, వసారాలో అంకమ్మ పక్కన కూర్చున్నాను. ఫోను రెండుసార్లు మోగి ఆగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ రెండే. ఇంకోసారి మూడు మోగింది. ఆ తర్వాత మళ్లీ రెండు.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. దొరికింది అంటూ నవ్వేశాను కూడా.

"నా గొర్రెలు చస్తే నీకు నవ్వొస్తుండాదా?" అని అంకమ్మ గట్టిగా అడిగింది.

తప్పు నీ లెక్కలో లేదమ్మా, అది రుజువైందని నవ్వాను అన్నాను. అయితే ఎవరిదో చెప్పు అంది ఆవిడ.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మనం ఫోను చేసినప్పుడు చెవికి వినపడే ట్రింగు అవతలి ఇంట్లో మోగే గంట శబ్దం కాదు. అవతల మోగుతోందని మనకు తెలియడానికి నెట్‌వర్కు వినిపించే టోను అది. దాన్ని రింగ్‌బ్యాక్ అంటాం. పాత రాగి లైనుకు గంట మోగించే కరెంటూ ఈ టోనూ ఒకే ఎక్స్ఛేంజీలో పుట్టేవి కాబట్టి రెండూ దాదాపు కలిసే నడిచేవి. గురవయ్య మూడు వింటే అంకమ్మ కూడా మూడు వినేది. ఫైబర్‌లో గంటను ఇంట్లోని పెట్టె మోగిస్తుంది, టోను ఇంకెక్కడో పుడుతుంది. దేని తాళం దానిదే. ఫోను ఎత్తి మాట్లాడుకునేవాళ్లకు ఈ తేడా జన్మలో తెలియదు. ఎత్తకుండా మాట్లాడుకునే కుటుంబం కాబట్టి వీళ్లకు తగిలింది.

వెంటనే మా సాంకేతిక విభాగానికి ఫోను చేశాను. ఫోను మోగుతోందా, మాట స్పష్టంగా ఉందా అని అడిగారు. రెండూ ఉన్నాయన్నాను. అలాగైతే ఫాల్టు లేనట్టే మేడం, మార్చడానికి అందులో సెట్టింగేమీ లేదు అన్నారు. వాళ్ల మాటా నిజమే. పోనీ వచ్చినదానికి ఒకటి కలుపుకుందామంటే ఒకసారి రెండు, ఒకసారి మూడు మోగుతోంది. దానికి లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు.

అప్పుడు అంకమ్మే అడిగింది. "కట్ చేసి మళ్లీ చేస్తే మళ్లీ మోగుతాది గదా? అదన్నా తప్పకుండా వస్తాదా?"

వస్తుందన్నాను. ఒక ఫోనులో ఎన్ని రింగులన్నది నమ్మలేం గాని ఎన్ని ఫోన్లన్నది నమ్మొచ్చు. అయితే ఒకసారి ఫోనొస్తే క్షేమం, ఆగి మళ్లీ వస్తే ఆపద అని పెట్టుకుందామంది ఆవిడ. శ్రీను సరేనన్నాడు. సునీత కూడా సరేనంది. నాకే ఏదో అడ్డు తగిలింది.

మా ఎక్స్ఛేంజీలో అలారం తీగల పద్ధతి గుర్తొచ్చింది. బ్యాటరీ గదికీ జనరేటరుకూ వేసే అలారాల్లో ఎప్పుడూ కొంచెం కరెంటు పారుతూ ఉంటుంది. అంతా బాగున్నంతసేపే ఆ కరెంటు ఉంటుంది. ఆగిందా, గంట మోగుతుంది. ఎలుక తీగ కొరికేసినా మోగుతుంది. మంచి అలారం అలాగే ఉండాలని మాకు శిక్షణలో మొదటే నేర్పుతారు. ఆ ప్రకారం చూస్తే అంకమ్మ లెక్క తలకిందులుగా ఉంది. గురవయ్య ఆపద చెప్పబోయి ఒక ఫోను చేశాక సిగ్నలు పోతే? వాన పట్టి రెండోది పోకపోతే? ఇంట్లోవాళ్లు క్షేమమనుకుని అన్నం తిని పడుకుంటారు.

అదే చెప్పాను. రెండుసార్లు వస్తేనే క్షేమం. ఒక్కసారే వచ్చినా, అసలు రాకపోయినా బండి తియ్యాలి. సరుకులకు వేరే గుర్తు అక్కర్లేదు, వారం వారం శ్రీను పట్టుకెళ్లచ్చు. శ్రీను తల గోక్కుంటూ, అట్లయితే ఊరికే పోయిరావల్సిన పని కూడా పడతాది మేడం అన్నాడు.

"ఊరికే పోయొస్తే పెట్రోలు పోతాది, అంతే గదా. పో, మీ నాయనకు చెప్పిరా" అంది అంకమ్మ.

మర్నాడు సాయంత్రం ఆ దారిన వస్తూ నేనూ జబ్బారూ ఆగకుండా ఉండలేకపోయాం. పెట్టె మళ్లీ గోడకెక్కింది, ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. శ్రీను అడవి నుంచి వచ్చి బండి వాకిట్లోనే ఉంచాడు. సునీత క్లాసు ఆపేసి వచ్చి గడప మీద కూర్చుంది. పొద్దు గూకింది. ఫోను మోగింది. ఎవరూ లెక్కపెట్టలేదు. మోగి మోగి ఆగిపోయింది.

ఇక చప్పుడు లేదు. అంకమ్మ కొంగు నడుముకు బిగించింది. జబ్బార్ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన ఏదో చదువుకుంటున్నాడు. శ్రీను మెల్లగా లేచి బండి దగ్గరికి వెళ్లి తాళం పెట్టాడు. అన్నేళ్ల ఉద్యోగంలో ఏ ఎక్స్ఛేంజీ ప్రారంభానికీ నేనంత ఆత్రపడి ఎరగను. శ్రీను కిక్కు కొట్టాడు.

ఆ ఇంజను చప్పుడులోనే ఫోను రెండోసారి మోగింది.

"ఆపు రా" అంది అంకమ్మ. వాడు ఆపాడు. గంట మోగినంతసేపూ ఎవరం కదల్లేదు. అది ఆగాక ఆవిడ కూర్చుని ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని మాకు టీ పెట్టింది.

పిల్లరు నెలాఖరుకే మూశాం. అంకమ్మ నంబరు ఫైబరు మీద నిలిచింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ల్యాండ్‌లైన్ ఉంచాలా తియ్యాలా అని ఎవరడిగినా, దానితో మీరేం పని చేస్తున్నారని ముందు అడిగేదాన్ని. లైనును రెండు కొసల నుంచీ పరీక్షించమని సిబ్బందికి చెప్పేదాన్ని. ఆ వేసవి నాకు నేర్పింది మాత్రం ఇంకొకటి. కబురు ఏ తీగ మీద పంపినా, క్షేమమని చెప్పడానికే శ్రమ పడాలి. ఆపద కబురు మాత్రం తీగ తెగినా చేరాలి.