యాకమ్మ రాసిన మందు

బయ్యారం దారిలోని ఆ బాలికల గురుకులంలో పొద్దున్నే పూసే జబ్బు ఒకటుంది. కడుపునొప్పి. డ్రిల్లు గంట కొట్టగానే విచ్చుకుని, ఇడ్లీల వాసన తగలగానే రాలిపోతుంది. నర్సు యాకమ్మది జనగామ పక్క పల్లె. తాను నవ్వకుండా ఎదుటివాళ్లను నవ్వించడం ఆమెకు పుట్టుకతో వచ్చింది.

అదే వేళకు తండాల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు వరండాలు ఊడుస్తుంటారు. వాళ్లకు అలవాటేనని వార్డెన్ మాట. ఊడ్చి, చేతులు కడుక్కునేసరికి వాళ్లలో పదో తరగతి దీపకు రోజూ మొదటి పీరియడు, లెక్కలు, పోతోంది. పరీక్షలు దగ్గరపడ్డాయి.

ఒకరోజు మానుకోట బట్టల దుకాణం వాళ్లమ్మాయి కళ్యాణి పొట్ట పట్టుకుని వచ్చింది. యాకమ్మ నాడి చూసి, నాలుక చూసి, చీటీ రాసింది: వారం పాటు పొద్దున వరండా ఊడ్వవలెను.

తర్వాత వచ్చిన కడుపునొప్పులన్నిటికీ అదే మందు. వార్డెన్ పరుగున వచ్చింది.

“గిదేం మందు యాకమ్మా?”

“మంచి మందు మేడమ్. ఇన్నేండ్ల సంది తండా పిల్లలకు ఇచ్చి చూసినం గద. ఒక్కలకు గూడ ఏం కాలే.”

ఆ వారంలోనే ఊడ్చే పని అందరికీ వంతులవారీగా మారింది.

కొన్నాళ్లకు దీప మొహం వేలాడేసుకుని వచ్చింది.

“అక్కా, లెక్కల సారు దినాం నన్నే బోర్డు కాడికి పిలుస్తున్నడు. నాకు గూడ జర చీపురు రాయరాదా?”

యాకమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

“నీకు చాక్‌పీసే మందు బిడ్డా. నడువు.”